మేడ మీద మొదటి మజిలీ

అమీర్‌పేటలో ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. మైత్రీవనం చుట్టుపక్కల గోడలను కంప్యూటర్ కోర్సుల బోర్డులు కప్పివేశాయి. రహదారి పైన మెట్రో వంతెన ఉంది. 2017 నవంబరులో మియాపూర్ నుండి నాగోలు వరకు రైలు నడిచింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఎల్బీనగర్ మార్గం కూడా కలిసింది. అమీర్‌పేట రెండు దారుల కూడలి. మా వీధిలో ఒకప్పుడు వేసవి రాత్రుల్లో కుటుంబాలన్నీ మేడ మీదే నిద్రించేవి. ఇప్పుడు చాలా మేడల మీద రేకుల గదులు వెలిశాయి, వాటిలో హాస్టలు పిల్లలు ఉంటున్నారు. మేముంటున్న అద్దె ఇంటి మేడ మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

గత చలికాలం సెలవుల్లో పిల్లలతో ఒక రాత్రి ఆరుబయట గడపాలని సంకల్పించాము. వికారాబాదు దగ్గర మాకు తెలిసినవారి మామిడితోట ఉంది. బేగంపేట స్టేషనులో రైలెక్కితే వికారాబాదు చేరవచ్చు. అక్కడికి సమీపంలోని అనంతగిరి కొండల్లోనే మూసీ నది పుట్టింది. 1908 వరదలో నగరాన్ని ముంచెత్తిన ఆ నది మీదనే 1920 నాటికి ఉస్మాన్ సాగర్ కట్టారు. మన తాతలు త్రాగిన నీటి పుట్టుకను పిల్లలకు చూపాలన్నది మా కోరిక.

బయలుదేరే ముందు మేడ మీద సాధన చేశాము. సిమెంటు నేలలో గుడారం మేకులు దిగవు గనుక నాలుగు మూలలను నీళ్ళ డబ్బాలకు కట్టాము. ఊయలను పిట్టగోడకు కట్టబోయిన పెద్దబ్బాయిని వారించాము. మనిషి బరువుకు పిట్టగోడ కూలవచ్చు, గట్టి స్తంభాలే కావాలి. చెట్లకైతే సన్నని తాడు బెరడును కోస్తుంది, వెడల్పాటి పట్టీ వాడాలి. పట్టీలు మరీ బిగుతుగా కాక కొంచెం వాలుగా ఉండాలి, కూర్చునే చోటు మోకాలి ఎత్తును మించరాదు. అందులో నిలువునా కాక ఏటవాలుగా పడుకుంటే నడుము వంగదు. ఈ వల ఊయల కరీబియన్ దీవుల ఆదివాసుల నుండి ఓడల వారికి, వారి నుండి ప్రపంచానికి చేరింది. పాత చీరతో దూలానికి ఉయ్యాల కట్టే మన తల్లులకు మాత్రం ఇందులో క్రొత్త ఏమీ లేదు.

ముడులన్నీ మొదట నేర్చుకున్నది పద్నాలుగేళ్ళ మా అమ్మాయి. అయినా ప్రయాణానికి మేమూ, ఇద్దరు మగపిల్లలూ చాలనుకున్నాము. తోటలో ఆడపిల్లకు ఇబ్బంది అన్నాము. ఆమె మారు మాట్లాడకుండా గుడారం మడిచి సంచిలో పెట్టింది. ఆ మౌనం మమ్మల్ని కలవరపెట్టింది, కానీ నిర్ణయం మార్చుకోలేదు.

అదే సాయంత్రం త్రాడు కోస్తూ ఉంటే మొద్దుబారిన కత్తి జారి మా వేలే తెగింది. పదునైన కత్తి కన్నా మొద్దుబారినది ప్రమాదకరం, ఎందుకంటే దానిని బలంగా నొక్కవలసి వస్తుంది. మరునాడు అమ్మాయిని వెంటబెట్టుకొని ఒక్క స్టేషను దూరంలోని పంజాగుట్టకు వెళ్ళాము. అక్కడ ఒక సందులో సైకిలు చక్రంతో సానపట్టే పెద్దాయన ఉన్నారు. ఇంట్లోనైతే తడిపిన సానరాయి మీద అలుగును ఇరవై డిగ్రీల వాలులో, రెండు వైపులా సమానంగా రుద్దమన్నారు. నిమ్మకాయ కోస్తే వెంటనే కడిగి తుడవాలి. ఇనుప కత్తికి పలుచగా కొబ్బరినూనె రాయాలి, తడిగా తోలు ఒరలో పెట్టరాదు. ఒర లేని కత్తిని చేతికి అందించరాదని అమ్మాయే అన్నది. ఒరలో లేని ఖడ్గాన్ని ఒకరికొకరు అందించుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించారని మేమే ఆమెకు చదివి వినిపించాము మరి!

ఇంటికి రాగానే మా అమ్మగారు అడిగారు:

"పంట కాపలా రోజుల్లో మీ నాన్నా, నేనూ ఎక్కడ పడుకునేవాళ్ళమనుకున్నావురా?"

"పొలంలోనే అమ్మా."

"మరి పిల్లనెందుకు వదిలిపోతున్నావు?"

మా వద్ద జవాబు లేదు. ఇబ్బంది ఉంటే దానిని తొలగించడం తండ్రి పని. పిల్లను ఇంట వదలడం ఆ పనిని తప్పించుకోవడమే. రెండవ గుడారం అరువు తెచ్చాము. స్త్రీల గుడారాన్ని తోట ఇంటి స్నానగదికి దగ్గరగా వేయాలని అనుకున్నాము. ఆరుగురమూ వెళ్ళాము, అమ్మగారితో సహా.

మగ్రిబ్ వేళ మేము అస్తమించే సూర్యునికి ఎదురుగా చాప పరిచాము. అమ్మాయి దిక్సూచి చూసి ఆపింది. చలికాలంలో సూర్యుడు పడమరకు బాగా దక్షిణంగా అస్తమిస్తాడు. మన ప్రాంతం నుండి ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. చాప తిప్పాము. నగరం పొలిమేర నుండి లెక్కిస్తే దూరం హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం ఖస్ర్‌కు చాలదు గనుక ఇషా నాలుగు రకాతులూ పూర్తిగా చదివాము. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారు, అది లీటరుకు తక్కువే. డబ్బాలు మోసుకొచ్చిన మగపిల్లలకు ఆ రాత్రి ఆ హదీసు బాగా అర్థమయింది.

వంట గుడారం బయటే చేశాము. మూసిన గుడారంలో పొయ్యి వెలిగిస్తే విషవాయువు ప్రాణం తీస్తుంది. నిద్రకు ముందు నిప్పు ఆర్పమన్నది ప్రవక్త (స) బోధన. నీళ్ళు చల్లి, బూడిద కలిపి, మళ్ళీ చల్లి, చేతిని పైన ఉంచి వేడి లేదని చూశాము. ఉదయం చెత్తనంతా ఏరి సంచిలో వెంట తెచ్చుకున్నాము.

అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే, స్త్రీల గుడారం ముందు అమ్మగారూ, అమ్మాయీ కూర్చొని ఉన్నారు. పంట కాపలా కబుర్లు మనవరాలికి మొదటిసారి చెబుతున్నారు. ఏభై ఏళ్ళు దాటిన మేము కూడా అవి ఎన్నడూ వినలేదు. అడుగుల చప్పుడు చేయకుండా అక్కడే నిలబడి విన్నాము.

ఇప్పుడు గురువారం రాత్రుల్లో అమీర్‌పేట మేడ మీద మళ్ళీ చాపలు పరుస్తున్నాము. మెట్రో రైళ్ళు ఆగిన తరువాత నాలుగైదు నక్షత్రాలు కనిపిస్తాయి. అమ్మగారు తమ చాప మనవరాలి ప్రక్కనే వేయించుకుంటారు.