గోంగూరకు చెప్పిన అబద్ధం

భిలాయి స్మృతి నగర్‌లో చలికాలం మొక్కలకు లైట్లు పెట్టానంటే నవ్వని వాళ్ళు లేరు. ఆ నవ్వులో న్యాయం ఉంది. డిసెంబరు నెలాఖరులో కూడా భిలాయిలో పగలు 11 గంటలకు కాస్త తక్కువ, అంతే. మిట్టమధ్యాహ్నం సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అదే రోజుల్లో చికాగోలో పగలు 9 గంటలు, సూర్యుడు 25 డిగ్రీలు దాటడు. ఇక్కడి స్టీల్ ప్లాంటు సెక్టార్లలో పుట్టి పెరిగి అక్కడ స్థిరపడ్డ మన పిల్లలు అక్టోబరు రాగానే కరివేపాకు కుండీ లోపలికి తెచ్చుకుని ఎల్‌ఈడీ కింద పెడుతున్నారంటే అర్థముంది. ఇల్లంతా వెచ్చగా ఉంటుంది, కొరత కాంతికే. మనం దాన్ని తిరగేసి చదువుకోవాలి. డిసెంబరులో మన కరివేపాకు ముడుచుకునేది చలికి గాని చీకటికి కాదు. రాత్రి పది, పన్నెండు డిగ్రీలకు దిగిపోయే వరండాలో ఎన్ని లైట్లు పెట్టినా చిగురు వెయ్యదు. ఫిబ్రవరి దాకా దాని మానాన దాన్ని వదిలెయ్యడమే.

అయితే లైట్ల అవసరం ఎక్కడొచ్చిందంటే, ఇళ్ళు మారడంలో. ప్లాంటు క్వార్టరంటే వెనక బాడీ, అంటే పెరటితోట, ఉండేది. ములగచెట్టు, ఆనపపాదు, నాలుగు వంగ మొక్కలు లేని తెలుగిల్లు మా వీధిలో లేదు. రిటైరయ్యి క్వార్టరు అప్పజెప్పి, ఇటు స్మృతి నగర్, నెహ్రూ నగర్ వైపు మేడమీద వాటాల్లోకి వచ్చినవాళ్ళకు ఒక బాల్కనీ మిగిలింది. అది ఉత్తరానికుంటే చలికాలం పొడుగునా ఎండ మొహం చూపించదు. మాది అలాంటిదే. పైన డాబా ఉంది కానీ మోకాళ్ళు ప్రతిరోజూ ఒప్పుకోవు.

అందుకని ఉత్తరపు గదిలో పాత పుస్తకాల రాక్‌కి అరకొక 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు బిగించాం. ధనియాలు చేత్తో నలిపి బద్దలు చేసి చల్లితే పది, పదిహేను రోజులకు మొలకలొస్తాయి. మెంతులకు అంత ఓపిక అక్కర్లేదు, మూడో రోజుకే తలెత్తుతాయి. ట్యూబు మొలకలకు అడుగు లోపు ఎత్తులో ఉండాలి. పైకి జరిపితే అవి సన్నగా మెడలు సాచి, నీళ్ళు చల్లగానే వాలిపోతాయి. రోజుకు 14 గంటలు వెలిగినా ఒక ట్యూబుకు నెలకు ఎనిమిది, తొమ్మిది యూనిట్లే. ఊదారంగు వెలుగుతో ఖరీదైన 'గ్రో లైట్లు' కొనమని దుకాణాలవాళ్ళు చెబుతారు. వినక్కర్లేదు. ఆకు ఎక్కువగా పీల్చుకునేది ఎరుపు, నీలం కాంతులనే, నిజమే. కానీ మామూలు తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉన్నది నీలం దీపమే. దాని మీద పసుపు పూత వెయ్యబట్టి తెల్లగా కనిపిస్తుంది, ఆ తెలుపులో ఎరుపూ కొంత ఉంటుంది. ఆ నీలం దీపం కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. మన దేశంలో 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలయ్యాక ఈ బల్బులు అందరి చేతికీ వచ్చాయి.

ఆశకు మాత్రం హద్దుండాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులు. మా ట్యూబు కింద రెండు, మూడు వేలు. కొత్తిమీరకు, మెంతికి అది సరిపోతుంది. టమాటా కాయాలంటే మాత్రం ఆ రాక్ చాలదు.

ఆకుకూరల కోసం ఇంత తంటా ఎందుకని మీరు అడగవచ్చు. చలికాలం భిలాయి బజారులో దొరకని ఆకు లేదు. తివరా భాజీ, చెనగాకు, లాల్ భాజీ, బతువా అన్నీ కుప్పలు. దొరకనిది ఒక్కటే, లేత గోంగూర. ఇక్కడివాళ్ళు అమారీ అంటారు. కార్తీకం దాటేసరికి అది పూతకొచ్చేస్తుంది. ఆకు కాడ మొదట్లో నువ్వుగింజంత మొగ్గ కనిపించిందంటే ఇక ఆ మొక్క ఆకు మీద మనసు తీసేసినట్టే. లేత పసుపు పువ్వు, మధ్యలో వక్కరంగు మచ్చ, చూడ్డానికి బాగుంటుంది. పచ్చడికి పనికిరాదు. శ్రీకాకుళం నుంచి పెళ్ళై ఇక్కడికొచ్చిన మా పక్కింటి అప్ప ఏటా అదే మాట: "పువ్వొచ్చేసింది తమ్ముడూ, ఇంకేటుంటాది అందులో!"

ఎందుకొస్తుంది పువ్వు? చలి వల్లనుకున్నాం చాలా కాలం. కాదు, రాత్రి పొడవు వల్ల. 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు ఒక పొగాకు రకం సంగతి ప్రకటించారు. వేసవంతా మనిషిని మించి పెరిగి పువ్వు పుయ్యదు, పగలు కురచైతేనే పూస్తుంది. 1938లో హామ్నర్, బోనర్ ఇంకో మెట్టెక్కారు. మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని అని తేల్చారు. ఆ చీకటి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే చాలు, లెక్క తప్పుతుంది. దానికి వేల లక్సులు అక్కర్లేదు. చామంతికైతే నూరు లక్సుల దరిదాపు చాలు. ఆకుకు అన్నం పెట్టడానికి దీపం చాలదు గాని, తేదీ తప్పు చెప్పడానికి బ్రహ్మాండంగా సరిపోతుంది. గోంగూర కూడా చామంతి లాగే పొడవాటి రాత్రి చూసి పూసే జాతి.

అందుకే డాబా మీద గోంగూర కుండీల పైన ఒక 9 వాట్ల బల్బు వేలాడదీసి, టైమర్ పెట్టాం. పగలు ఎండ తింటుంది, సాయంత్రం చీకటి పడ్డాక పదిన్నర దాకా బల్బు వెలుగుతుంది. దాని లెక్కలో ఇంకా శ్రావణమే. చలికి ఎదుగుదల మందగించింది, ఆకు చిన్నదైంది, అది బల్బు చేతిలో లేదు. కానీ జనవరిలో పులుసులోకి గోంగూర కోశాం.

పేచీ ఆ పక్కనున్న చామంతి కుండీలతో వచ్చింది. నర్సరీ నుంచి మొగ్గలతో తెచ్చినవి పూశాయి. నిరుటి పిలకలు మాత్రం బల్బు వైపు కొమ్మలన్నీ ఆకులు వేసుకుంటూ కూర్చుని, గోడ నీడ వైపు గుత్తులుగా పూశాయి. ఒకే మొక్కలో రెండు ఋతువులు. వీధిలైటుకు దగ్గరున్న బాల్కనీల్లో చామంతి ఎందుకు ఆలస్యమవుతుందో అప్పుడు తెలిసింది మా ఆవిడకు. దాలాత్‌లో, వియత్నాం కొండల మీద, రైతులు తోటలకు రాత్రుళ్ళు కావాలనే దీపాలు పెడతారు, కాడ పొడుగెదిగి, పువ్వు తాము చెప్పిన వారానికే రావాలని. మాకు ఆ వ్యాపారం లేదు, సంక్రాంతికి గొబ్బెమ్మల మీదకు పువ్వులుంటే చాలు. అందుకే గోంగూరకూ చామంతులకూ మధ్యలో ఒక పాత ఫ్లెక్సీ అడ్డం కట్టాను.

1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన దగ్గర్నుంచీ ఈ ఊరు మూడు షిఫ్టుల్లో మేలుకునే ఉంది. రాత్రి స్లాగ్ పోసినప్పుడు ఆకాశం ఎర్రగా వెలిగేది, క్వార్టర్ల డాబాల మీద పడుకుని చూసేవాళ్ళం. అయినా పెరట్లో చామంతి ఏ ఏడూ తప్పలేదు. ఆ వెలుగు మన కంటికి ఘనమే గాని ఆకు దాకా దిగేసరికి లెక్కలోకి రాదు. ఆకాశాన్ని వెలిగించిన కొలిమి చెయ్యలేని పని గోంగూర నెత్తిన వేలాడే బల్బు చేస్తుంది.

మొన్న అప్ప డాబా మీదకొచ్చి, బల్బు కింద కుండీలు చూసి ముక్కున వేలేసుకుంది. "బాగానే ఉంది తమ్ముడూ. పువ్వు పుయ్యనీకపోతే వచ్చే ఏటికి విత్తనమెక్కడిది?" అప్పటికే ఒక కుండీని ఫ్లెక్సీ అవతల, చామంతుల పక్కన చీకట్లో వదిలేశాం. అది పూసి, కాసి, ఎర్రటి డిప్పలు కట్టింది. ఆ డిప్పలతో ఇక్కడివాళ్ళు చట్నీ నూరుకుంటారు. అప్ప విత్తనాలు మాకు వొలిచిచ్చి, డిప్పలు కొంగులో పోసుకుని వెళ్ళింది.