తాళం బొమ్మ

బ్రౌజర్ ఎవర్నీ నమ్మదు. 1995లో జావాస్క్రిప్ట్ పుట్టిన కొద్దికాలానికే నెట్‌స్కేప్ ఒక నియమం పెట్టింది: ఒక సైటు కోడ్ ఇంకో సైటు పేజీలోకి తొంగిచూడకూడదు. 2008లో వచ్చిన క్రోమ్ పేజీల్ని శాండ్‌బాక్స్‌లో పెట్టింది. 2018లో స్పెక్టర్ లోపం బయటపడ్డాక ఏ సైటు ప్రాసెస్ ఆ సైటుదే అంది.

ఇన్ని గోడలున్నా మా నాన్న అడిగేది ఒక్కటే: "తాళం బొమ్మ ఉందిగా, నమ్మొచ్చా?" దారిలో ఎవరూ వినట్లేదనే ఆ తాళం చెప్తుంది, అవతలున్నది దొంగో దొరో చెప్పదు. అందరూ నాన్నలాగే అనుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మ మార్చేసింది.

కోడ్‌ని గదిలో పెట్టి గడియ వేయొచ్చు. ఓటీపీ మాత్రం నాన్నే తన చేత్తో కొడతారు. మనుషుల్ని నమ్మి బతికినాయనకి ఇప్పుడు అనుమానం నేర్పాలంటే నాకు మనసొప్పడం లేదు. నేర్పక తప్పదు.