రెండు పద్నాలుగులు

రాత్రి పదకొండు. గచ్చిబౌలిలో ఒక ఆఫీసు, ఏడో అంతస్తు. నోట్లో టార్చ్ పట్టుకుని ఫాల్స్ సీలింగ్‌లోకి తల దూర్చి వెతికితే అప్పుడు దొరికింది తప్పు. గదులకి ఏసీ గాలి సర్దే రెండు వీఏవీ కంట్రోలర్లకీ డిప్ స్విచ్‌ల మీద ఒకే అడ్రస్: 14. ఇవి మాట్లాడుకునే బ్యాక్‌నెట్ ఎంఎస్‌టీపీ లైన్లో టోకెన్ చేతులు మారుతూ తిరగాలి, ఎవరి వంతొస్తే వాళ్లే మాట్లాడాలి. ఒకే పేరుకి ఇద్దరు పలికితే లైనంతా గందరగోళమే. మూడ్రోజులుగా కేబుల్‌ని అనుమానించాం, పాపం. 0 నుంచి 127 దాకా నంబర్లున్నాయి, 15 ఖాళీగానే ఉంది. మొదటి బుల్లి స్విచ్‌ని గోటితో పైకి నెట్టి, పవర్ తీసి పెట్టాను.

తమ్ముళ్లూ, మూత బిగించే ముందు అడ్రస్‌ని మార్కర్‌తో డబ్బా మీద రాయండి, దయచేసి.

స్క్రీన్ మీద ఎర్రగా ఉన్న గదులు ఒక్కొక్కటే పచ్చబడుతుంటే నిచ్చెన మీదే కాసేపు నిలబడిపోయాను.