పార్సిల్ బిర్యానీ

2020 జూన్ 8. రెండున్నర నెలల తర్వాత హోటళ్లూ, మసీదులూ ఒకే రోజు తెరవొచ్చన్నారు. "బేటా, హోటల్లో కూర్చుని బిర్యానీ తిని ఎన్నాళ్లైంది! పద" అన్నారు అబ్బా. ఇఫ్తార్లే కాదు, ఈద్ నమాజ్ కూడా ఇంట్లోనే చదువుకున్న మనిషి.

ఆ నిబంధనలు వార్తగా రాసింది నేనే. సగం సీట్లే నింపాలి. అరవై అయిదు దాటినవాళ్లు ఇంట్లోనే ఉంటే మంచిది. అబ్బాకు డెబ్బై, పైగా షుగర్. మసీదుకైతే ఎవరి జానమాజ్ వాళ్లు తీసుకెళ్లొచ్చు. హోటల్లో మాస్క్ తీయకుండా ముద్ద ఎలా దిగుతుంది?

ఇంకో ఖౌఫ్ ఉంది, అబ్బాతో అనలేదు. మర్కజ్ వార్తల తర్వాత మనింట్లో జ్వరమొస్తే అది ఉత్త జ్వరం కాదు. ఏప్రిల్‌లో అనకాపల్లి బెల్లం మార్కెట్ దగ్గర, ఏళ్లుగా పలకరించే ఓ పెద్దాయన నన్ను చూసి పక్కకు జరిగాడు. దూరం పాటిస్తున్నాడులే అనుకున్నాను. అనుకోవాలని చూశాను.

చివరికి పార్సిల్ తెచ్చాను. డాబా మీద దస్తర్ఖాన్ పరిచాం. అబ్బా రెండు ముద్దలు తిని, "మనకు వడ్డించే కుర్రాడు కనిపించాడా? తన్ఖా ఇస్తున్నారా?" అన్నారు.

నేను అడగనే లేదు. మర్నాడు వెళ్లి అడిగితే, లాక్‌డౌన్‌లోనే ఊరికి పోయాడన్నారు.