సామర్లకోటలో బియ్యం కథ

చెన్నై నుంచి హౌరా పోయే పెద్ద రైలుదారిలో, రాజమహేంద్రవరం దాటిన తరువాత సామర్లకోట వస్తుంది. కాకినాడకు పోయే శాఖ ఇక్కడే చీలుతుంది కనుక దీన్ని జంక్షను అంటారు. ఒకప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉండిన ఈ ఊరు 2022 నుంచి కాకినాడ జిల్లాలో ఉన్నది. చాలామంది ప్రయాణికులు ఈ ఊరిని రైలు కిటికీలో నుంచే చూసి వెళ్లిపోతారు. పిల్లలూ, మనం మాత్రం ఈ నెల ఇక్కడ దిగుదాం.

ముందు నేలను చూడండి. పెద్దాపురం వైపు పోతే మెట్ట. కాకినాడ వైపు పోతే పల్లం, ఎటు చూసినా వరిచేలు. మెట్టకూ పల్లానికీ మధ్య గుమ్మంలాగా ఉన్నది సామర్లకోట. ఊరిలో భీమేశ్వరాలయం ఉన్నది. పంచారామాలలో ఒకటైన కుమారారామం ఇదే. తూర్పు చాళుక్య రాజైన మొదటి చాళుక్య భీముడు (892–922) దీన్ని కట్టించాడని చెబుతారు. గుడి రెండంతస్తులు. లింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తు దాకా పెరిగి ఉంటుంది. అర్చకులు పైకి ఎక్కి అభిషేకం చేస్తారు.

గుడి చూశాక కాలువ గట్టుకు రండి. ఈ నీళ్లు ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయలుదేరి వస్తున్నాయి. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట వల్ల ఈ కాలువలు ఏర్పడినవి. ఇప్పుడు ఆ ఆనకట్ట స్థానంలో కాటన్ పేరుతోనే బ్యారేజి ఉన్నది. పూర్వం వడ్ల బస్తాలు వేసుకుని పడవలు ఈ కాలువల మీద తిరిగేవి. వానకాలం పంటను ఇక్కడి వాళ్లు సార్వా అనీ, తరువాతి పంటను దాళ్వా అనీ అంటారు. రెండు పంటలూ వరే! ఇలాంటి చోట బియ్యం గురించి తెలుసుకోకుండా వెళ్లిపోతే ఎలా?

కాటన్ కంటే ముందే, 1781లో, విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు దేశపు వైద్యుడు సామర్లకోటకు వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ దండుకు వైద్యం చేయటం ఆయన ఉద్యోగం. కాని ఆయన మనసంతా మొక్కల మీదనే. ఇక్కడ తోట వేసి మిరియాలు, నీలిమందు, చెరకు వంటివి పెంచి చూశాడు. మన దేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించి లండనుకు పంపాడు. అందులో 300 బొమ్మలు 1795 మొదలు 1820 వరకు కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా మూడు సంపుటాలలో అచ్చయినవి. మొక్కల తెలుగు పేర్లను అడిగి రాసుకోవటం ఆయన అలవాటు. 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్లే దాకా ఆయనకు ఈ ప్రాంతమే బడి.

గుంటలలో, చెరువు అంచులలో ఎవరూ నాటకుండా మొలిచే అడవి వరిని తెలుగువారు నివ్వరి అంటారని కూడా ఆయన రాసుకున్నాడు. ఈ నివ్వరి మనకు ఒక పెద్ద రహస్యం చెబుతుంది. దాని గింజను ఒలిస్తే లోపల బియ్యం ఎర్రగా ఉంటుంది! అడవి వరి బియ్యం సాధారణంగా ఎరుపే. మరి తెల్ల బియ్యం ఎక్కడిది? వేల ఏండ్ల కిందట వరి మొక్కలో, రంగును తయారుచేయించే జన్యువులో నుంచి ఒక చిన్న తునక జారిపోయింది. జన్యువు అంటే మొక్క తన సంతానానికి రాసి ఇచ్చే ఆజ్ఞాపత్రం అనుకోండి. ఆ పత్రంలో 14 అక్షరాలు పోయినవి, అంతే! ఎర్ర రంగు తయారుకావటం ఆగిపోయింది. తెల్లగా కనిపించిన ఆ గింజలను మనుషులు ఇష్టపడి, ఏరి, మళ్లీ మళ్లీ విత్తనానికి ఉంచుకున్నారు. శాస్త్రజ్ఞులు 2006లో ఈ సంగతి కనిపెట్టారు.

ఇప్పుడు ఒక వడ్లగింజ తీసుకుని గోటితో ఒలవండి. పైన గరుకుగా ఉన్నది ఊక. అది మనకు తిండి కాదు. ఊక కింద పలుచని పొర ఒకటి బియ్యాన్ని చొక్కాలాగా అంటిపెట్టుకుని ఉంటుంది. అదే తవుడు. గింజకు ఒక మూల చిన్న చుక్కలాంటిది అంకురం. మొలక వచ్చేది అక్కడినుంచే. మిగిలినదంతా తెల్లని పిండి. ఎర్ర బియ్యమైనా, నల్ల బియ్యమైనా రంగు ఉండేది తవుడు పొరలోనే. బాగా పాలిష్ పడితే నల్ల బియ్యం కూడా తెల్లబడుతుంది. ఇంకొక మాట. పైన ఊక నల్లగా ఉన్నంత మాత్రాన లోపలి బియ్యం నల్లగా ఉండాలని లేదు. ఒలిచి చూస్తేనే తెలుస్తుంది.

ఇక రైసు మిల్లుకు పోదాం. ఈ చుట్టుపక్కల మిల్లులకు కొదవ లేదు. మిల్లులో మొదట జల్లెళ్లు రాళ్లనూ మట్టినీ వేరుచేస్తాయి. తరువాత రెండు రబ్బరు రోలర్ల మధ్య వడ్లు నలిగి ఊక ఊడిపోతుంది. గాలి ఊకను ఎగరగొడుతుంది. అప్పుడు వచ్చేది లేత గోధుమరంగు ముడిబియ్యం. ఆ పైన పాలిష్ యంత్రం ఆ బియ్యాన్ని గీకి గీకి తెల్లగా చేస్తుంది. ఒక గొట్టం నుంచి మల్లెపూలవంటి బియ్యం, మరొక గొట్టం నుంచి మెత్తని తవుడు వస్తాయి.

మాతో వచ్చిన ఐదో తరగతి పిల్ల ఒకతె ఆ తవుడు చేతిలోకి తీసుకుని, “ఇది ఎక్కడికి పోతుందండీ?” అని గుమాస్తాగారిని అడిగింది.

“నూనె మిల్లుకమ్మా. నూనె తీసేశాక మిగిలింది పశువులకూ, కోళ్లకూ, చేపల చెరువులకూ పోతుంది,” అన్నాడాయన.

“మరి మనకో?”

“మనకు తెల్ల బియ్యం కదమ్మా!”

ఆ పిల్ల అడిగిన ప్రశ్న చిన్నది కాదు. ఒకప్పుడు మన కోస్తా జిల్లాలలో ఆ ప్రశ్న ఎవరూ అడగనందువల్ల ఎన్నో ప్రాణాలు పోయినవి.

బెరిబెరి అని ఒక జబ్బు ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కేవి, ఒళ్లు నీరు పట్టేది, నడవటం కష్టమయ్యేది, చివరకు గుండె బలహీనపడేది. మన దేశంలో ఈ జబ్బుకు పేరుపడిన చోటు, అప్పట్లో ఉత్తర సర్కారులు అనబడిన మన తెలుగు కోస్తాయే. తల్లి ఆహారంలో లోపం ఉంటే ఆమె పాలు తాగే పసిబిడ్డలకు కూడా ఇది వచ్చేది. అన్నం పుష్కలంగా పండే గడ్డమీద అన్నం తినేవారికే ఈ జబ్బు ఎందుకు వచ్చింది?

జవాబు మొదట జావా ద్వీపంలో కోళ్లు చెప్పినవి. క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు అక్కడ బెరిబెరిని పరిశీలిస్తున్నాడు. ఆయన దొడ్డిలో కోళ్లకు కాళ్లు పడిపోయినవి. కొన్నాళ్లకు వాటంతట అవే బాగుపడ్డవి! విచారించగా తెలిసిందేమంటే, కోళ్లకు కొంతకాలం మిలిటరీ ఆసుపత్రిలో మిగిలిన పాలిష్ బియ్యపు అన్నం పెట్టారు. కొత్తగా వచ్చిన వంటవాడు, “మిలిటరీ అన్నం ఈ కోళ్లకెందుకు?” అని అది మానిపించాడు. మామూలు ముడిబియ్యం తినగానే కోళ్లు లేచి తిరిగినవి. తవుడులో ఏదో ఉన్నదన్నమాట! ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఆ ‘ఏదో’ ఏమిటి? 1926లో జావాలోనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తవుడు నుంచి దాన్ని స్ఫటికాలుగా తీశారు. అదే బి1 విటమిను, మరొక పేరు థయమిన్. దాన్ని 1936లో ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విలియమ్స్. ఆయన ఎక్కడ పుట్టాడో తెలుసునా? మన నెల్లూరులో! 1886లో అక్కడి మిషనరీ దంపతులకు జన్మించాడు.

మన దేశంలో మెకారిసన్ అనే వైద్యుడు 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. ఆ సంస్థ పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు చేరింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. తమిళులూ మలయాళీలూ ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను నానబెట్టి, ఆవిరిమీద ఉడికించి, ఎండబెట్టి దంచితే అది ఉప్పుడు బియ్యం. అలా ఉడికేటప్పుడు తవుడులోని బి1 కొంత గింజ లోపలికి ఇంకిపోతుంది. తరువాత పాలిష్ పట్టినా మొత్తం పోదు. మన సర్కారు జిల్లాలవారు మాత్రం పచ్చి బియ్యాన్నే మరపట్టించి, తెల్లగా చేసుకుని, కడిగి, గంజి వార్చి తినేవారు. అదీ అసలు సంగతి.

ఆ సంస్థవారి పట్టికలు చూడండి. నూరు గ్రాములలో బి1 ఇలా ఉంటుంది: మరపట్టిన పచ్చి బియ్యంలో 0.06 మిల్లీగ్రాములు, దంపుడు బియ్యంలో 0.21, మరపట్టిన ఉప్పుడు బియ్యంలోనూ 0.21, తవుడులో 2.70. లెక్క వేయండి. తెల్ల బియ్యంకంటే తవుడులో 45 రెట్లు! పెద్దవాళ్లకు రోజుకు ఒక మిల్లీగ్రాముకు పైచిలుకు బి1 కావాలి. 400 గ్రాముల తెల్ల బియ్యంలో దొరికేది 0.24, అదే దంపుడు బియ్యంలో 0.84. ఇందులో కూడా కడగటంలో, గంజి వార్చటంలో కొంత పోతుంది. మిగతాది పప్పులూ, కూరలూ, వేరుశనగలూ తీర్చాలి. ఇప్పుడు మనం రకరకాల పదార్థాలు తింటున్నాము కనుకనే బెరిబెరి మన కంటికి అరుదయింది.

ఇక రంగుల సంగతి. కొన్నేళ్లుగా మన రైతులలో కొందరు కాలాబట్టి, బర్మా బ్లాక్ వంటి నల్ల రకాలూ, నవార, రక్తశాలి వంటి ఎర్ర రకాలూ పండిస్తున్నారు. నవార కేరళది. మణిపూరువారి నల్ల బియ్యం పేరు చాక్‌హావ్. నల్ల బియ్యానికి రంగునిచ్చే పదార్థాలు ఆంథోసయనిన్‌లు. మీరు నేరేడుపండు తిన్నప్పుడు నాలుక ఊదారంగు అయ్యేది ఈ జాతి పదార్థాల వల్లనే. ఎర్ర బియ్యపు రంగు వేరే జాతిది; వక్కలోని వగరుకు దగ్గరి చుట్టం.

ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. గుప్పెడు నల్ల బియ్యం అరగంట నానబెట్టి ఆ నీళ్లు రెండు గాజు గ్లాసులలో పోయండి. ఒకదానిలో నిమ్మరసం పిండండి, ఎర్రబడుతుంది. రెండవదానిలో చిటికెడు వంటసోడా వేయండి, నీలం వైపో ఆకుపచ్చ వైపో తిరుగుతుంది. పులుపుకు ఒక రంగు, సోడాకు మరొక రంగు. ఈ ప్రయోగానికి ప్రయోగశాల అక్కరలేదు.

ఈ రంగు పదార్థాలు మన ఒంటిలోని కణాలకు మేలు చేస్తాయని శాస్త్రజ్ఞులు పరిశోధిస్తున్నారు. అయితే పెద్దలు ఒక సంగతి గమనించాలి. సంతలో ఎవరైనా, “ఈ నల్ల బియ్యం తింటే మధుమేహం పోతుంది, మందులు మానేయవచ్చు” అంటే నమ్మకండి. నల్ల బియ్యంలోనూ నాలుగింట మూడు వంతులు పిండిపదార్థమే. పీచు ఎక్కువ కనుక నెమ్మదిగా అరుగుతుంది, నిజమే. కాని అది అన్నం, మందు కాదు. ఖరీదు కూడా ఎక్కువ. కొనగలిగినవారు కొనండి, పండించే రైతుకు లాభం. కొనలేనివారు చింతించనక్కరలేదు. మామూలు వడ్లను తక్కువ పాలిష్ పట్టిస్తే తవుడులోని బి1, పీచు అందులోనూ ఉంటాయి. నల్ల, ఎర్ర బియ్యాలలో అదనంగా ఉండేది ఆ రంగు పదార్థాలే.

తవుడు నూనె వాడుతున్నాము కదా, బి1 అందులో వస్తుందా అని మీరు అడగవచ్చు. రాదు. బి1 నీటిలో కరిగేదే కాని నూనెలో కరిగేది కాదు. అలాగని మిల్లు తవుడు తెచ్చి తినకూడదు. అది శుభ్రం చేసినది కాదు, త్వరగా ముక్కిపోతుంది కూడా. ముడిబియ్యానికి కూడా ఆ నూనె వల్లనే వాసన పడుతుంది. కనుక కొంచెం కొంచెంగా కొనుక్కుని, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకోవాలి. వండేముందు రెండు గంటలైనా నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోసి, గంజి వార్చకుండా ఇగరనివ్వాలి. ఒక్కసారిగా మారిస్తే ఇంట్లో ముసలివారికి, చిన్నపిల్లలకు నమలటం కష్టం. తెల్ల బియ్యంలో పావువంతు కలిపి మొదలుపెట్టండి.

ఈ నెల మీకు ఒక పని. మీ ఇంటి బియ్యం పది గింజలు అరచేతిలో వేసుకుని వెలుతురులో చూడండి. మూల అంకురపు చుక్క ఎన్నిటికి ఉన్నది? తవుడు చారలు ఎన్నిటిమీద మిగిలినవి? లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. తరువాత వడ్లు పట్టించటానికి మీ నాన్నగారు మిల్లుకు వెళ్లినప్పుడు మీరు కూడా వెళ్లి, “పాలిష్ కొంచెం తగ్గించండి” అని మర్యాదగా అడగండి. ఆ బియ్యంలో నుంచి మళ్లీ పది గింజలు తీసి లెక్కపెట్టండి. రెండు లెక్కలలో ఎంత తేడా వచ్చిందో అమ్మకు చూపించండి.