యాక్చువరీ పరీక్షకు ఏ పుస్తకం?

యాక్చువరీ పరీక్షకు పుస్తకం ఎంచుకునేవారు ముందు చూడాల్సింది సిలబస్ సంవత్సరం. 2019లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా పాత సీటీ పేపర్లను మార్చి సీఎం, సీఎస్, సీబీ పేపర్లను తెచ్చింది. వడ్డీ లెక్కల సీటీ1, జీవిత బీమా గణితపు సీటీ5 ప్రధానంగా సీఎం1లో కలిశాయి. అందుకే సీనియర్ల దగ్గర చవకగా దొరికే సీటీ5 పుస్తకం పనికిరానిదేమీ కాదు. మరణాల పట్టికలు, యాన్యుటీల వివరణ అందులోనూ అదే. కానీ దాన్నే నమ్ముకుంటే సీఎం1 రెండో భాగం దగ్గర చేతులెత్తేయాలి. ఆ భాగం ఎక్సెల్‌లో చేయాలి, సీఎస్1లోనైతే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో. ఏ పుస్తకమూ కీబోర్డు మీద చేయి తిరిగేలా చేయలేదు.

సిలబస్‌కు మూలపాఠం కోర్ రీడింగ్. అది క్లుప్తంగా ఉంటుంది, గణితంలో గట్టి పునాది లేనివారికి మింగుడుపడదు. దానికి వివరణ, ఉదాహరణలు చేర్చిన నోట్స్ ఒక్క సెట్ చాలు. మూడు సెట్లు కొనడం డబ్బు దండగ, సగం చదివి వదిలేయడానికి దారి. మిగిలిన సమయమంతా పాత ప్రశ్నపత్రాలకే దక్కాలి. వాటిని జవాబు చూడకుండా, గడియారం పెట్టుకుని, పరీక్షలో వాడే సూత్రాల పట్టికల పుస్తకాన్నే పక్కన ఉంచుకుని చేయాలి.