పెద్దల మాటలు, మైకు

ఇంటిలోని వృద్ధుల మాటలను యంత్రమున భద్రపఱచవలెనను కోరిక చదువుకొన్న కుటుంబములలో నిప్పుడు హెచ్చుచున్నది. మంచిదే. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల పాత పలుకుబడియు, పాటలును, నాటి కాపురముల కష్టసుఖములును ఎనుబది యేండ్లు దాటినవారి నోటనే మిగిలియున్నవి. అయితే మైకు కొనబోవునప్పుడు అందఱును వెల యడుగుదురు. దానిని ఎవరి చెంత నుంచవలెనని యడుగువారు అరుదు. మాకు ఆ రెండవ ప్రశ్నయే ముఖ్యమని తోచుచున్నది.

1863లో శ్రీకాకుళము చెంత పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరభాష నేర్చి, సవరల నోట కథలను, పాటలను విని వ్రాసికొనిరి. ఆ భాషను గూర్చిన వారి గ్రంథము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. వారికి యంత్రము చెవియే. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన ఆ చెవియు మందగించెనని చెప్పుదురు. సవరభాషలో ఊపిరి గొంతున క్షణకాలము బిగిసి విడుచు ధ్వని యొకటి కలదు. నేడు బారెడు దూరమున పెట్టిన మైకునకు అది చేరకముందే ఫ్యాను రొద దానిని మ్రింగివేయును. మొబైలు ఫోనులో రొద తగ్గించుటకై యుంచిన ఏర్పాటు కూడ ఇట్టి సన్నని ధ్వనులను రొదయే యనుకొని తుడిచివేయుట కలదు. అట్టి ఏర్పాటును ఆపివేయుట మేలు.

దూరము రెట్టింపైనచో గొంతు సుమారు 6 డెసిబెలులు తగ్గును. గదిలోని రొద మాత్రము తగ్గదు. కావున కాలరు మైకును గడ్డమునకు జానెడు క్రింద తగిలించుట ఉత్తమము. చీరచెఱగు, మెడలోని పూసలు దానికి రాచుకొనకుండ చూడవలెను. ఒకవైపే వినెడు మైకైనచో దాని వీపును వీధివైపునకు త్రిప్పవలెను. కళింగపట్నము వంటి తీరమున గాలికి నురుగు తొడుగు చాలదు, బొచ్చు తొడుగు కావలెను. ఫ్యాను ఆపి ముసలివారిని చెమటలో ముంచుట కంటె తెల్లవాఱగనే కూర్చుండుట నయము. కోడి కూసిన కూయనిండు.

ఇద్దఱి నడుమ బల్లపై పెట్టిన మైకు చూపులకు న్యాయముగ నుండును గాని, గట్టిగ మాటలాడువారికే దక్కును. నాగావళి యొడ్డున నొక గ్రామమున మేము ఒక వృద్ధురాలిని, "మామ్మా, మీ పెండ్లినాటికి మీకెన్నేండ్లు?" అని యడిగితిమి. కుమారుడు బదులు చెప్పెను. మఱల నడిగితిమి, మఱల నతడే. అంతట బల్లమీది మైకును తీసివేసి కాలరు మైకును ఆమె చెఱగునకు తగిలించి, చెవిగొట్టములు పెట్టుకొని ఆమె వైపే చూచుచు కూర్చుంటిమి. కుమారుని మాట దూరమునుండి వచ్చునట్లు వినబడసాగెను. కొంతసేపటికి ఆమెయే, "నన్ను సెప్పనీరా బాబూ" అనెను. బడి మాన్పించిన దినమును, పలక నెవరికిచ్చినదియు, పదునొకండవ యేట అత్తవారింటి కేగుటయు ఒక గంటసేపు చెప్పెను. ఇవి కుమారుడు ఎన్నడును వినలేదట.

ఇంత చెంతనున్న మైకు నిట్టూర్పులను, తనలో తాననుకొన్న మాటలను సైతము పట్టును. గాయకులు మైకు నెఱిగియే పాడుదురు. ఇంటి ముసలివారికి అది చీరకు గ్రుచ్చిన సూది వంటిది, తగిలించిన కొంతసేపటికే మఱపునకు వచ్చును. అందుచేత ముందుగా అనుమతి యడుగుటతో తీఱదు, ముగిసిన పిదప వినిపింపవలెను. ఆమె తన గొంతు విని మొదట నవ్వెను. తోడికోడలిని గూర్చి గొణిగిన మాటలయొద్ద చేయి యెత్తి, "ఇది వద్దు" అనెను. ఆ భాగమును ఆమె యెదుటనే తుడిచి, మిగిలినది రెండు ప్రతులు తీసి, ఒకటి ఆమె మనుమరాలి చేతి కిచ్చితిమి.